పళ్ళెంలో ఖాళీ

మా ల్యాబులో దాన్ని 'ఖాళీ' అనేవాళ్ళం. పుస్తకాల్లో దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఒకటి ఉంది గాని, రోజుకు యాభైసార్లు పలకాల్సిన మాటకు అంత పొడుగెందుకని నాకంటే ముందు పనిచేసినవాళ్ళెవరో కుదించేశారు. "ఈ పళ్ళెంలో ఖాళీ ఎంత?" అని మా ఇన్‌చార్జి అడిగేవారు. "పద్దెనిమిది మిల్లీమీటర్లు" అనేదాన్ని. ఆయన పుస్తకంలో రాసుకునేవారు. కొన్ని రోజులు నేను సాటి మనిషితో మాట్లాడిన మాటలు అంతకు మించి ఉండేవి కావు.

అరవయ్యవ దశకం మొదట్లో సంగతి. ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు వెనక సందులో, కుట్టుమిషన్ల షాపు మీద మేడలో మా ల్యాబు. మందుల కంపెనీలు తాము చేసిన ఆయింట్‌మెంట్లూ, కంటి చుక్కలూ మాకు పంపి, వాటిలో చెప్పినంత బలం ఉందో లేదో చూడమనేవి. గాజు పళ్ళెంలో అగర్ అనే జెల్లీ కరిగించి, అందులో సూక్ష్మక్రిములు కలిపి పోస్తాం. అది గడ్డకట్టాక పైన వేలి కణుపంత స్టీలు గొట్టాలు నిలబెట్టి, వాటిలో మందు చుక్కలు వేస్తాం. పళ్ళేలను వెచ్చటి పెట్టెలో పెట్టి మర్నాడు తీస్తే, పళ్ళెమంతా క్రిములు పెరిగి పలచటి మజ్జిగ పోసినట్టు మసకగా ఉంటుంది. మందు ఉన్న గొట్టం చుట్టూ మాత్రం గుండ్రంగా, శుభ్రంగా, ఏమీ ఉండదు. అదే ఖాళీ. మందు ఎంత గట్టిదైతే ఖాళీ అంత పెద్దది. దాన్ని దీపం మీద పెట్టి స్కేలుతో కొలవడం నా ఉద్యోగం. నా కొలత తప్పదని నాకు మహా గర్వం.

అప్పటికి పెన్సిలిన్ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా బల్ల మీదికి వచ్చేవి ఆ జాతివి కావు. గ్రామిసిడిన్, బాసిట్రసిన్, పాలిమిక్సిన్. వీటిని పెప్టైడ్లు అంటారు. పప్పులోనూ పాలలోనూ ఉండే మాంసకృత్తులు ఏ పూసలతో అయితే తయారవుతాయో, దాదాపు ఆ పూసలనే పదో పదిహేనో గుచ్చి, చాలావాటికి కొస తిప్పి ముడేస్తే ఈ మందులు. వీటిని చేసేది కూడా క్రిములే. మట్టిలో బతికే కొన్ని క్రిములు పక్కవాటిని దగ్గరికి రానివ్వకుండా ఈ దండలను తమ చుట్టూ వదులుతాయి. మనిషి అది చూసి, వాటిని పెంచి, దండలు తీసి సీసాల్లో పోశాడు.

ఈ మందుల్లో ప్రతిదానికీ ఒక చిక్కుంది. గ్రామిసిడిన్ క్రిములను చంపుతుంది గాని నెత్తురులోకి వెళ్తే నెత్తురునే పాడు చేస్తుంది, కాబట్టి పైపూతకే పనికొస్తుంది. పాలిమిక్సిన్‌ను సూదిగా ఇస్తే మూత్రపిండాలకు భయం, కంట్లో వేస్తే భయం లేదు. బాసిట్రసిన్ కథ నాకు చాలా ఇష్టం. ఎక్కడో అమెరికాలో కాలు విరిగిన ఒక చిన్నపిల్ల గాయంలో దొరికిన క్రిమి నుంచి ఆ మందు వచ్చిందట. ఆ పిల్ల ఇంటిపేరు మందు పేరులో కలిపారు. ఎవరికో తగిలిన దెబ్బ ఊరందరికీ మందయింది, పైగా పేరు కూడా మిగిలింది. అందరి దెబ్బలూ అలా కలిసిరావు.

నేను హైదరాబాదు వచ్చిన తీరు చెప్పాలి. యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి కదిలినప్పుడు, సర్కారు గుమాస్తా అయిన మా నాన్న ఫైళ్ళతో పాటు ఇక్కడికొచ్చి నాంపల్లి స్టేషను దగ్గర ఒక గది తీసుకున్నారు. అమ్మ అప్పటికే లేదు. నేను గుంటూరు హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. పూర్తి చేసుకుని తర్వాత వచ్చాను. ల్యాబులో ఉద్యోగం దొరికిన నాలుగు నెలలకు నాన్న గుండెపోటుతో పోయారు. కృష్ణా జిల్లా నుంచి బంధువులు వచ్చి, పన్నెండు రోజులుండి, "నువ్వూ వచ్చెయ్యమ్మా" అని మాట వరసకు అని, బండెక్కారు. నేను వెళ్ళలేదు. నాన్న మంచం గోడవారకు జరిపి, దాని మీద పుస్తకాలు పెట్టుకున్నాను.

ఒంటరిగా ఉన్నాననే చెప్పాలి. అయితే ఆ ఒంటరితనంలో సగం నేను కొని తెచ్చుకున్నదే. నాకు మాట మీద ఒక పొగరుండేది. మాదే అసలు తెలుగనీ, ఇక్కడివాళ్ళది ఉర్దూ కలిపిన కిచిడీ అనీ అనుకునేదాన్ని. కూరగాయలామె "ఏం గావాల్నమ్మా" అంటే మొహం చిట్లించేదాన్ని. వాళ్ళు గబగబా మాట్లాడితే సగం అర్థమయ్యేది కాదు. అయినా తెలుగు మాటకు అర్థం చెప్పమని తెలుగువాళ్ళను అడగడమా? ప్రాణం పోయినా అడగను. అర్థం కానిచోటల్లా "సరే" అని తలూపేసేదాన్ని. ఆ తలూపుడుతో రెండేళ్ళు దాదాపు బాగానే గడిచిపోయాయి.

మా ల్యాబులో పనివాళ్ళం ముగ్గురం. ఇన్‌చార్జి పాతకాలపు హైదరాబాదీ, తెల్ల గడ్డం పెద్దమనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో ఉర్దూ కలిసిన తెలుగు. నన్ను 'బేటీ' అనేవారు. రెండోదాన్ని నేను. మూడో ఆమె పళ్ళేలు కడిగే మనిషి. పాలమూరు పక్క పల్లె నుంచి పని వెతుక్కుంటూ మొగుడితో వచ్చింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆమె మొగుడు ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసేవాడు, లారీల వెంట వారాల తరబడి ఊళ్ళు తిరిగేవాడు. పిల్లలు లేరు. ఏటా జనవరిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరిగే మైదానం గోడకు అవతల బస్తీలో వాళ్ళ ఇల్లు. నా గది నుంచి నడిస్తే పది నిమిషాలు.

ఆమె నోరు ఊరుకునేది కాదు. పళ్ళేలు సోడాలో నానబెడుతూ, తోముతూ, ఆరబెడుతూ మాట్లాడుతూనే ఉండేది. నేను వినీ విననట్టు ఖాళీలు కొలుచుకునేదాన్ని. మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర బల్ల మీద డబ్బా విప్పుకుంటే, ఆమె సింకు పక్కన పీట వేసుకుని జొన్నరొట్టె తినేది.

"ఏందమ్మా, రోజు గట్ల ఒక్కదానివే తింటవ్? గీడికి రారాదు" అనేది.

"నాకు ఇక్కడ గాలి వస్తుంది" అనేదాన్ని. అక్కడ ఏ గాలీ రాదు. ఆ కిటికీ రెక్క బిగుసుకుపోయి ఎన్నేళ్ళయిందో.

ఒకరోజు తోమబోయిన పళ్ళెం దీపానికి ఎదురుగా పట్టుకుని అడిగింది. "అంత పాకురు వట్టినట్టు ఉన్నది గని, నడుమ గిట్ల బోడిగున్నదేందమ్మా?"

ఆ రోజు ఎందుకో నాకు చిరాకు రాలేదు. మందు సంగతి చెప్పాను. కంటికి కనపడనంత చిన్న పూసల దండ అనీ, పాలిమిక్సిన్ అయితే క్రిమి పైపొరను చిల్లులు పొడుస్తుందనీ, గోనెసంచికి చిల్లు పడితే బియ్యం కారిపోయినట్టు క్రిమి లోపలిదంతా కారిపోతుందనీ చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"గంత చిన్న దండకు గంత జాగ గావాల్నా?" అని నవ్వింది. తర్వాత నా బల్ల వైపు, కిటికీ వైపు, నా ఒక్క డబ్బా వైపు చూసింది. నాకు ఒళ్ళు మండింది గాని ఎందుకు మండిందో ఆలోచించదలచుకోలేదు.

ఆ జనవరిలో ఆమె కన్ను ఎర్రబడి పనిలోకి వచ్చింది. ముందు రోజు కట్టెలు కొడుతుంటే పెచ్చు ఎగిరి ఎడమ కంట్లో తగిలిందట. పక్కింటి ముసలమ్మ ఆముదం చుక్క వేసిందట. "తగ్గుతది తియ్యమ్మా" అంటూ సాయంత్రం దాకా పళ్ళేలు తోమింది. మర్నాడు వచ్చేసరికి రెప్ప ఉబ్బి మూసుకుపోయింది. కొంగుతో ఒత్తుకుంటుంటే ఆ కొంగు మీద మరక చూశాను. ఆకుపచ్చ.

ఆ ఆకుపచ్చ నాకు తెలుసు. సూడోమోనాస్ అనే క్రిమి జెల్లీ మీద పెరిగితే పళ్ళెమంతా ఆ రంగే తిరుగుతుంది, ఒక తియ్యటి వాసన కూడా వస్తుంది. పెన్సిలిన్‌ను అది లెక్కచెయ్యదు. కన్నీళ్ళలో కూడా క్రిములను చంపే పదార్థం ఒకటి ఉంటుందని చదువుకున్నాను, దీనికి ఆ కన్నీళ్ళన్నా భయం లేదు. కంటిపాప మీది పొరలో గాయం దొరికితే రెండు మూడు రోజుల్లో కన్నునే కరిగించేస్తుంది. దానికి లొంగే మందు నా బల్ల మీద రోజూ ఉండేదే, పాలిమిక్సిన్.

ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన కొంగు చూసి, "అభీ దవాఖానకు పో, ఆగకు" అని ఆమెను పంపేశారు. ఏ మందు అడగాలో చీటీ మీద నేనే రాసి ఇచ్చాను.

ఆమె మధ్యాహ్నం రెండు దాటాక తిరిగొచ్చింది. మెట్ల మీదే నిలబడి నన్ను పిలిచింది. కంటికి దూది కట్టు. చేతిలో డాక్టరు రాసిన చీటీ. ఆ మందు దవాఖానలో అయిపోయిందనీ, బయట కొనుక్కోమన్నారనీ, కోఠీ నుంచి ఇక్కడిదాకా నాలుగు షాపుల్లో అడిగితే లేదన్నారనీ చెప్పింది. మా ఇన్‌చార్జి దగ్గర ఉండే అవకాశం ఉంది. పరీక్ష అయిపోయిన కంటి చుక్కల సీసాలు సీలు విప్పనివి మిగిలేవి, ఆయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆయన బయటికి వెళ్ళారు, నాలుగింటికి గాని రారు.

"గీడ కూసోలేనమ్మా. పోటుకు తల పగులుతున్నది" అంది. "దవాఖానల ఒక మందు ఇచ్చిన్రు, గది ఏసుకుంట పండుకుంట. నువ్వు సారునడిగి గీ మందు మాపటికి తెచ్చియ్యి బిడ్డా. నా ఇల్లు ఎర్కనే గద?"

అంతకుముందు ఎప్పుడూ అమ్మా అనేది. బిడ్డా అనడం అదే మొదలు.

"సరే, మాపటికి తెస్తాను" అన్నాను.

మాపు. మా ఇళ్ళల్లో 'రేపో మాపో' అంటాం. పోస్టు రేపో మాపో వస్తుంది, వాన రేపో మాపో పడుతుంది. ఆ రెండు మాటల్లో రేపు అంటే రేపే అయితే, మాపు అంటే ఆ మర్నాడు. అంతేగా? దవాఖానలో ఇచ్చిన మందు రెండు రోజులకు సరిపోతుందనీ, ఎల్లుండికి ఇది కావాలంటోందనీ నా లెక్కలో తేలిపోయింది. దీపం మీద పళ్ళెం పెట్టి ఖాళీ కొలిచినంత ఖచ్చితంగా తేలింది.

నాలుగింటికి ఇన్‌చార్జి వచ్చారు. చీటీ చూసి, బీరువా తీసి, రెండు సీసాలు నా చేతిలో పెట్టారు. ఆ చుక్కలను వారం ముందు పరీక్ష చేసింది నేనే. ఖాళీ బాగా వచ్చింది.

"ఎప్పటికి కావాలంది?" అని అడిగారు.

"మాపటికి అంది" అన్నాను.

"ఠీక్ హై. ఇచ్చెయ్" అని ఆయన టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి రెండు రోజులు ఆయనకు సెలవు, బంధువుల ఇంట్లో పెళ్ళి.

ఆ సాయంత్రం నేనేం చేశానో నాకు గంట గంటా గుర్తుంది. సీసాలు సంచిలో ఉన్నాయి. నుమాయిష్ మైదానం నుంచి మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు. గదిలో కూర్చోలేక నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళందరూ గుంపులు గుంపులుగా ఉన్నారు. గాజులు చూస్తున్నట్టు, దుప్పట్లు చూస్తున్నట్టు ఒక్కదాన్నే తిరిగాను. ఒక షాపతను "మీవాళ్ళు వచ్చేదాకా కూర్చోండి" అని కుర్చీ చూపించాడు. నావాళ్ళెవరూ రారని చెప్పడం ఇష్టంలేక కాసేపు కూర్చుని లేచాను. ఆ దుకాణాల వరస వెనకే మైదానం గోడ, ఆ గోడకు అవతలే ఆమె ఇల్లు. సంచి నా భుజానికే వేలాడుతోంది. ఎనిమిది కాకుండానే గదికి వచ్చి పడుకున్నాను.

మర్నాడు మామూలుగా పని చేసుకున్నాను. ఆమె లేక ల్యాబు మూగపోయింది. పళ్ళేలు నేనే తోముకుని, సింకు పక్కన పీట ఖాళీగా ఉంటే చూస్తూ డబ్బా విప్పాను. ఆ మర్నాడు, నా లెక్క ప్రకారం చెప్పిన రోజే, పని కాగానే నేరుగా బస్తీకి వెళ్ళాను. నాలుగు బత్తాయిలు కూడా కొన్నాను. ఒకరింటికి చేతిలో ఏదైనా పట్టుకుని వెళ్ళి ఎన్నాళ్ళయిందో అనుకుని సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొగుడు ఇంకా రాలేదు. కట్టు విప్పేసుకుంది. ఎడమ కంటిలో నల్లగుడ్డు ఉండాల్సిన చోట తెల్లగా, ఉడికిన గుడ్డు ముక్క పెట్టినట్టుంది.

"మాపటికని అంటిగదమ్మా" అంది. కోపంగా అనలేదు.

"అవును, అందుకేగా వచ్చాను" అన్నాను.

ఆమె తల ఎత్తి మంచి కంటితో నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత "ఔ" అంది. అంతే. సీసాలు తీసుకుంది. చుక్కలు నేనే వేశాను. బత్తాయిలు గడప పక్కన పెట్టి, చీకటి పడుతోందని లేచాను.

మర్నాడు పొద్దున ఇన్‌చార్జి "ఆమె కన్ను ఎలా ఉంది? మందు ఇచ్చావు కదా?" అని అడిగారు.

"నిన్న ఇచ్చానండీ. మాపటికి ఇమ్మంది, ఆ ప్రకారమే ఇచ్చాను. కాని కన్ను…" అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు. "నిన్ననా? మాపటికి అంటే శామ్, బేటీ. ఆ రోజు శామ్. సాయంత్రం." నాకు ఉర్దూ రాదనుకున్నారో ఏమో, మళ్ళీ నెమ్మదిగా, విడగొట్టి చెప్పారు. "పొద్దున, మాపు. ఇక్కడి పల్లెల్లో అందరూ అదే అంటారు. తెలుగే కదా అది?"

తెలుగే. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మనిషి, నాకు నా తెలుగు చెప్పాల్సి వచ్చింది. తల తీసేసినట్టయింది. సంచి భుజాన వేసుకుని ఏమీ చెప్పకుండా మెట్లు దిగి, దవాఖానకు పరుగెత్తాను. అక్కడి డాక్టరును పట్టుకుని, మందు ఆ సాయంత్రమే పడి ఉంటే కన్ను దక్కేదా అని అడిగాను. "పడి ఉంటే దక్కి ఉండొచ్చు, దక్కకపోయి కూడా ఉండొచ్చు. ఇప్పుడెవరు చెప్పగలరమ్మా" అన్నాడాయన. ఇన్నేళ్ళలో ఆ మాటను నేను రెండు వైపులా తిప్పి తిప్పి చూశాను. మందుకు బలం ఉందని నాకు తెలుసు. నా చేత్తో కొలిచాను, నా పళ్ళెంలో అది బ్రహ్మాండంగా పనిచేసింది. నా సంచిలో రెండు రోజులు ఊరికే పడి ఉంది.

దవాఖానలో ఇచ్చినది నొప్పి తగ్గడానికి వేసే చుక్క మాత్రమేనట. అది కూడా అక్కడే తెలిసింది.

నెల తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. ఎడమ రెప్ప మూతపడి లోపలికి లాగింది. మొదటి వారం రెండు పళ్ళేలు పగిలాయి, ఒంటి కంటికి దూరం అంచనా అందక. అంతకుముందు రెండేళ్ళలో ఒక్కటి పగలలేదు. పగిలిన ప్రతిసారీ "జర ఆగు, అలవాటైతది" అని తన చేతికి తానే చెప్పుకునేది. కానీ ఆ ఆగని నోరు మాత్రం ఆగింది. మధ్యాహ్నం పూట నన్ను పిలవడం మానేసింది. నేను కిటికీ దగ్గర, ఆమె సింకు దగ్గర. మధ్యలో ఎంత దూరమో కొలవడానికి స్కేలు ఉంది గాని, లేచి వెళ్ళే ధైర్యం లేదు.

ఆమె ఏమనుకుంటోందో నాకు తెలుసని అనుకున్నాను. చదువుకున్న అమ్మ, బీదదాని కన్నంటే లెక్కలేక నుమాయిష్‌లో తిరిగింది అనుకుంటూ ఉంటుంది. అలా అనుకుంటే అనుకోనీ, నిజం చెప్తే మరీ సిగ్గుచేటు, నాకు తెలుగు రాదని ఎలా చెప్పను? ఇలా వాదించుకుంటూ ఎండాకాలం దాటించేశాను. ఒక మనిషికి కన్ను పోతే నేను ఇంకా నా పరువు చూసుకుంటున్నాను. ఇంతకంటే చెడ్డగా నా గురించి నేను చెప్పుకోగలిగింది లేదు.

ఎనభైల చివర్లో ఎప్పుడో ఒక పత్రికలో చదివాను, కప్పల చర్మం మీద కూడా ఇలాంటి దండలే ఉంటాయని. బురదలో తిరిగినా వాటి గాయాలు చీము పట్టకపోవడం వెనక వీటి చెయ్యి ఉందట. అది చదవగానే ముందు ఆమెకు చెప్పాలనిపించింది. "గంత చిన్న కప్పకు గన్ని దండలా?" అనేదేమో. అప్పటికి ఆమె మొగుడితో పల్లెకు వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆమెకు చెప్పాలనుకున్నవన్నీ నాలోనే పోగుపడ్డాయి. అమెరికా పిల్ల పేరు మందు సీసాల మీద అచ్చవుతూనే ఉంది. ఈమె పేరు ఎక్కడా లేదు, నేను కూడా ఇక్కడ రాయడం లేదు.

చెప్పాల్సింది ఒక్కటి మాత్రం చెప్పగలిగాను. అది ఆ ఏడాది మొదటి వానలు పడిన రోజు. ఇన్‌చార్జి కింద టీకి వెళ్ళారు. నేను డబ్బా పట్టుకుని సింకు దగ్గరికి నడిచి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఆమె రొట్టె తుంచుతూ ఆగింది.

"ఆ రోజు నువ్వు మాపటికి అన్నావు. మాపు అంటే సాయంత్రమని నాకు తెలియదు. ఎల్లుండి అనుకున్నాను. మందు నా సంచిలోనే ఉంది. నీ ఇంటి గోడ పక్కనుంచే వెళ్ళాను. నాకు తెలియలేదు" అన్నాను. ఇంకా ఏదో అనబోయి ఏడుపొచ్చేసింది.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఎర్కనే బిడ్డా" అంది. "నువ్వు 'అందుకే వచ్చిన' అంటివి సూడు, గప్పుడే ఎర్కయింది. అంతకు ముందు రెండు దినాలు వాకిట్లనే కూసున్న. నుమాయిష్ దీపాలు కనవడుతుండె. ఎవరి అడుగు సప్పుడైనా నువ్వే అనుకుంటుంటి. మస్తు తిట్టుకున్న నిన్ను. నువ్వు గా బత్తాయిలు వట్టుకొని నిలబడి గట్లంటె, ఇగ తిట్టబుద్ది గాలే."

"మరి ఇన్నాళ్ళూ మాట్లాడలేదేం?"

"ఏం మాట్లాడుత? నిన్ను జూస్తె పాపమనిపిస్తుండె." రొట్టె ముక్క నా డబ్బా మూతలో పెట్టింది. "రెండేండ్లాయె గదమ్మా నువ్వు గీ ఊరికొచ్చి. గిన్ని దినాలల్ల మాపటికి మా ఇంటికి రమ్మని నిన్ను ఒక్కలు గూడ పిలువలేదా?"

ఆమె కొంగుతో నా మొహం తుడిచింది.

"ఇగో నేను పిలుస్తున్న. మాపటికి ఇంటికి రా. బువ్వ తిందువు."

అలవాటు చొప్పున 'సరే' అని తల ఊగబోయింది. ఆపుకున్నాను.

"మాపటికి అంటే ఇవాళ సాయంత్రమేనా?" అని అడిగాను.

"ఔ బిడ్డా, గియ్యాల్నే" అంది.

వెళ్ళాను. వాకిట్లో చాప పరిచి ఉంది. చెప్పులు విప్పి ఆమె ఎడమ పక్కన కూర్చోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"గిటు పక్క రా. గాడ కూసుంటె నువ్వు నాకు కనవడవు" అంది.